ఫ్రీడెరికె గారితో తగువు

సెప్టెంబర్ 4

మా పాప ఇషికను కీటాలో — ఇక్కడి పసిపిల్లల బడి — దింపేసి నేరుగా కింది ఇంటికి. సోమవారం, గురువారం ఆ ఇంటి పెద్దావిడ ఫ్రావ్ (శ్రీమతి) బ్రాండెస్‌వి. కాఫీ పోసి ఉంది. కిటికీ పక్క కుర్చీ నాకు, సోఫా ఆమెకు. చదివేవాళ్ళకు వెలుతురు కావాలి, వినేవాళ్ళకు అక్కర్లేదట.

ఆమె కళ్ళు ఈ మధ్య ఇంకా మసకబారాయి. అంచులు కనిపిస్తాయి, నడిమధ్య ఉన్నది కనిపించదు. నా మొహం చూడాలంటే నా చెవి వైపు చూస్తుంది. అందుకే ఈ ఒప్పందం — నేను చదివి పెట్టాలి, ఆమె నా జర్మన్ దిద్దాలి. ఎవరు ఎవరికి సాయం చేస్తున్నామో ఇద్దరికీ తెలియదు. అడగలేదు కూడా.

ఇవాళ కూడా ఫ్రీడెరికె పుస్తకమే. పాతకాలపు ముళ్ళ ముళ్ళ అక్షరాలు. చదవడంలో నేను పరుగెత్తాను.

“తొందరేమిటి? ఆవిడ రెండు వందల ఏళ్ళు ఆగింది. మీరు కామా దగ్గర ఆగలేరా?”

ఆగాను.

సెప్టెంబర్ 7

అన్నం తింటూ మా ఆయన మహేందర్ — “ఎవలా ఫ్రీడెరికె? మీరిద్దరు ఆమె ముచ్చట పక్కింటామె ముచ్చట లెక్క పెడ్తరు.”

చెప్పాను. క్లాస్తాల్ అనే కొండ ఊళ్ళో గనుల కొలతలు చూసే అధికారి భార్య. ఆరుగురు పిల్లలు. ఒకే ఒక్క చిన్న పుస్తకం రాసింది. అట్ట మీద పేరు లేదు, ‘ఒక గృహిణి రాసినది’ అని మాత్రం ఉంది. ఆ గృహిణి ఎవరో ఫ్రావ్ బ్రాండెస్ తను వయసులో ఉన్నప్పుడు ఆ కొండ ఊళ్ళన్నీ తిరిగి పట్టుకుంది. లైబ్రరీలో ఆ పుస్తకం ఊరగాయలు, సబ్బుల తయారీ పుస్తకాల వరుసలో ఉండేదట. ఇప్పటికీ అక్కడే ఉంది.

“మరి దేని మీద రాసింది?”

“ఇంట్ల ఆలోచించుడు మీద.”

“గా ముచ్చటకు కూడ ఒక పుస్తకమా?”

పుస్తకమే. ఆ రోజుల్లో పెద్దలంతా ఒకటే మాట — తలుపు వేసుకో, దారం తెగకుండా ఆలోచించు, అదే తత్వం. ఫ్రీడెరికె అంటుంది: మా ఇంట్లో వేసుకునే తలుపు లేదు. పాలు పొంగుతాయి, పిల్ల పడుతుంది, ఆయన పిలుస్తారు. చేతిలో ఉన్న ఆలోచనను కింద పెట్టి వెళ్తాను. వచ్చి ఎత్తుకుంటాను. కింద పెట్టినా తిరిగి వచ్చిందే నిజంగా నాది. జీవితంలో ఎవరూ పిలవని మనిషికి తన ఆలోచన తిరిగి వచ్చే రకమో కాదో ఎన్నటికీ తెలియదు.

మహేందర్ ముద్ద చేతిలో పట్టుకుని ఆగిపోయాడు. ఏదో అనబోయాడు. లాప్‌టాప్ మోగింది — ఆఫీసు వాళ్ళు. “ఆగు, ఇప్పుడే వస్త” అని పోయాడు.

రాలేదు.

సెప్టెంబర్ 11

పెద్ద వార్త. ఊరి లైబ్రరీలో ఫ్రీడెరికె మీద ప్రసంగానికి ఫ్రావ్ బ్రాండెస్‌కు ఒక సాయంత్రం ఇచ్చారు. నవంబర్ తొమ్మిది. ‘మరచిపోయిన ఒక తత్వవేత్త’ అని పోస్టర్ వేస్తారట. ఎన్నేళ్ళుగానో అడుగుతోంది, ఎవరొస్తారండీ అనేవారు. ఇప్పుడు కొత్తగా వచ్చిన లైబ్రేరియన్ సరే అంది.

చెబుతుంటే ఆమె మెడ మీద ఎర్రటి మచ్చలు. సంతోషం ఆమెకు మెడ మీదికి వస్తుంది.

“గొంతు ఉండగానే చెప్పేయాలి” అంది. “కళ్ళు ఎటూ పోయాయి.”

చదువుకునే రోజుల్లో ఫ్రీడెరికె మీద పరిశోధన చేస్తానని ప్రొఫెసర్ దగ్గరికి వెళ్ళిందట. ఆయన పుస్తకం తిరగేసి అన్నాడట — ఈమె తత్వవేత్త కాదు, తెలివైన ఇల్లాలు, వేరే మంచి విషయం చూసుకోండి. చూసుకోలేదు. చదువు మానేసి బడిలో లాటిన్ చెప్పింది. సెలవులు వస్తే మటుకు క్లాస్తాల్.

“కోపం రాలేదా?”

“వచ్చింది. ఇంకా ఉంది. చక్కెర వేసుకుంటారా?”

సెప్టెంబర్ 14

జర్మన్ భాష C1 పరీక్షకు మళ్ళీ టెర్మిన్ — తేదీ — దొరకలేదు.

సెప్టెంబర్ 18

కరీంనగర్‌లో డిగ్రీ కాలేజీలో ఫిలాసఫీ చెప్పేదాన్ని. సిలబస్ నిండా జర్మన్లు, బోర్డు మీద వాళ్ళ పేర్లు రాసీ రాసీ స్పెల్లింగులు చేతికే వచ్చేశాయి. ఒక్క ఆడమనిషి లేదు. లేదన్న సంగతి నాకు గానీ పిల్లలకు గానీ తట్టలేదు. వానాకాలం క్లాసులో రేకుల మీద చప్పుడుకు నా గొంతు వినపడేది కాదు, అయినా చెప్పేదాన్ని. ఆ గొంతు ఇక్కడ ఎటు పోయిందో.

ఇక్కడ నేను మహేందర్ వైఫ్‌ని. కీటాలో ‘ఇషికా మామా’ని — మామా అంటే ఇక్కడ అమ్మ. బాధ అని కాదు.

కొంచెం బాధే.

సెప్టెంబర్ 25

ఫ్రావ్ బ్రాండెస్ ప్రసంగం మొత్తం తలలోనే ఉంది. ఆమె చెప్తుంటే నేను టైప్ చేస్తున్నా. ఆ రోజు నేను మొదటి వరుసలో కూర్చుని, ఎక్కడైనా ఆగితే అందించాలి. మన నాటకాల్లో తెర వెనక నిలబడి అందించే మనిషి పని. నాకు సరిపోయిన పని. ఎవరికీ కనపడను.

ఫ్రీడెరికె పరిచయం నన్ను రాయమంది. రాసుకెళ్ళా. ‘మహా మేధావి, స్త్రీ జాతికే వెలుగు, ఆమె సేవలు మరువలేనివి…’ మనకు అలవాటైన సభ భాష, జర్మన్‌లోకి దించాను, అంతే. కాలేజీలో ఎంతమందికి చదివానో ఇలాంటివి.

ఆమె చివరిదాకా విని —

“ఇది మనిషి గురించా, విగ్రహం గురించా?”

“గౌరవంగా ఉంటుందని…”

“పొగిడేవాళ్ళు చదవరు, స్వరూపా. తీసేయండి.”

ఇంటికొచ్చి మహేందర్‌కు చెప్తే పడీ పడీ నవ్వాడు. “శాలువ తెప్పియ్యాల్నా మరి? మెమెంటో?”

అక్టోబర్ 2

పప్పులో తాలింపు వేస్తుంటే ఆ వాక్యం. కింద పెట్టినా తిరిగి వచ్చిందే నాది.

మరి తిరిగి రానివి?

ఇషిక పుట్టకముందు ఒక వ్యాసం మొదలుపెట్టాను. దేని మీదో గుర్తుంది, ఏం చెప్పాలనుకున్నానో గుర్తు లేదు. పెట్టిన చోటు తెలుసు. వెళ్ళి చూస్తే అక్కడేమీ లేదు. అది నాది కాదా అయితే?

ఫ్రావ్ బ్రాండెస్‌ను అడగాలని నోటిదాకా వచ్చింది. అడగలేదు. ఆమె ప్రాణం పెట్టుకున్న మనిషి ఫ్రీడెరికె. మధ్యలో నేనెవరిని, వంక పెట్టడానికి.

తాలింపు మాడింది.

అక్టోబర్ 14

పెత్తరమాస, పెద్దల అమావాస్య. జగిత్యాలలో అత్తమ్మ పెద్దల పేరు మీద బియ్యం ఇస్తోంది. వీడియో కాల్ చేసి ఫోన్ గోడకు ఆనించి పెట్టింది. ఇటు మహేందర్ స్నానం చేసి తెల్ల బనీనుతో ఫోన్ ముందు కూర్చున్నాడు. విస్తరిలో బియ్యం, పప్పు, గుమ్మడికాయ ముక్క, చింతపండు. అయ్యగారు ఒక్కొక్క పేరు అడుగుతున్నారు. తాత పేరు చెప్పారు, తాత తండ్రి పేరు చెప్పారు, ఆయన అన్నదమ్ముల పేర్లు కూడా చెప్పారు.

“తాత తల్లి పేరు చెప్పుండ్రి.”

అత్తమ్మ మహేందర్ వైపు చూసింది, మహేందర్ నా వైపు.

“ఎవలికి యాదికుంది బిడ్డా. గాజులవ్వ అనేటోళ్లు అందరు. చేతుల నిండ గాజులేసుకుంటుండె గావచ్చు.”

“అది పిలుపు గదమ్మ. పేరు?”

“తెల్వది అయ్యగారు.”

“ఇంటిపేరుతోని కానిద్దాం తియ్యుండ్రి. పర్వలేదు.”

ఇంటిపేరు పెళ్ళయ్యాక వచ్చింది కదా, ఆ ఇంటిపేరుతోనే ఆమె వాటా బియ్యం పోసేశారు.

సాయంత్రం తెలుగు వాళ్ళందరం హాల్లో బతుకమ్మ ఆడాం. తంగేడు లేదు, సూపర్ మార్కెట్ చేమంతులే. ఇషిక చప్పట్లు కొడుతూ తిరిగింది. నేను చప్పట్లు తప్పాను.

అక్టోబర్ 19

గురువారం. బెల్ కొట్టా. మళ్ళీ కొట్టా. కాఫీ వాసన వస్తోంది, తలుపు తీయలేదు.

వెతుక్కుంటూ కిందికి దిగితే, కెల్లర్ (నేలమాళిగ) మెట్ల కింద కూర్చుని ఉంది. పక్కన బట్టల బుట్ట బోర్లా. లేవలేకపోతోంది. మొహం తెల్లగా. నన్ను — నా చెవిని — చూసి, “కాఫీ మెషిన్ ఆపి రండి ముందు” అని తాళంచెవి చేతిలో పెట్టింది.

అంబులెన్స్. తుంటి ఎముక. స్ట్రెచర్ మీద కూడా నా చేయి వదల్లేదు.

అక్టోబర్ 20

ఆపరేషన్ అయింది. నిద్రలో ఉందట. ఇషిక ఒక బొమ్మ గీసింది — ఓమా (కింది ఇంటి బామ్మ), మంచం, పిల్లి. ఆమెకు పిల్లి లేదు. ఉండాలట.

అక్టోబర్ 23

లైబ్రరీకి వెళ్ళి చెప్పా. లైబ్రేరియన్ మంచి మనిషి, నిజంగా బాధపడింది. “అయితే రద్దు చేద్దాం. వచ్చే ఏడాది చూద్దాం.”

వచ్చే ఏడాది. ఆమెకు ఎనభై నాలుగు.

“వద్దు, నేను చదువుతాను” అన్నాను. నోరు అనేసింది.

“భేష్. అయితే పోస్టర్ మీద పరిశోధన ఎవరిది, చదివేది ఎవరు అని రెండూ వేస్తాం. ఆవిడ పూర్తి పేరు?”

ఫ్రావ్ బ్రాండెస్.

“మొదటి పేరు?”

నాకు తెలియదు.

ఆమె వంటింట్లో డబ్బాలు ఎక్కడుంటాయో తెలుసు. ఏ మోకాలు నొప్పో తెలుసు. చనిపోయిన వాళ్ళాయన ఏ స్టేషన్‌లో పనిచేశాడో తెలుసు. పేరు తెలియదు. బెల్ మీద ‘బ్రాండెస్’ అని ఒక్క మాటే ఉంటుంది. అదీ ఆయన ఇంటిపేరే. పెద్దవాళ్ళను పేరు పెట్టి పిలవకూడదని మా వాళ్ళు నేర్పారు. ఇంటిపేరుతోనే పిలవాలని ఇక్కడి వాళ్ళు నేర్పారు. రెండు మర్యాదలూ కలిసి అసలు మనిషిని మింగేశాయి. పొద్దస్తమానం మరచిపోయిన ఆడవాళ్ళ గురించి మాట్లాడుకుని, ఎదురుగా కాఫీ పోసే మనిషి పేరు అడగలేదు.

“రేపు చెప్తాను” అని వచ్చేశా.

అక్టోబర్ 24

ఆసుపత్రి. జుట్టు దువ్వి ఉంది, మొహంలోకి రంగు వచ్చింది. నేను చదువుతానన్నానని చెప్పా. దుప్పటి అంచు సర్దుకుంటూ కూర్చుంది.

తర్వాత అడిగా, సిగ్గుతో తల వంచుకుని. నవ్వింది. నవ్వితే తుంటి నొప్పి, అయినా నవ్వింది.

“గిజెలా. మా నాన్న పెట్టింది. మీరెప్పుడూ అడగలేదు.”

“మీరూ చెప్పలేదు.”

“పెద్దదాన్ని నేను. ముందు నేనే చెప్పాలి ఇక్కడి పద్ధతిలో. ఎప్పుడు చెబుదామా అని చూస్తూ ఉండిపోయా.” చేయి చాచింది. “గిజెలా. ఇక ‘మీరు’ వద్దు.”

చేయి కలిపాను. పేరు మాత్రం నోట్లోంచి రాలేదు. ఎనభై నాలుగేళ్ళ మనిషిని గిజెలా అని ఎలా పిలవను, నాలుక తిరగలేదు. మంచినీళ్ళు తాగారా — తాగావా — అని ఏదో అనేసి బయటపడ్డా.

మహేందర్ తేల్చేశాడు. “గిజెలమ్మ అను. అయిపాయె.”

గిజెలమ్మ. బాగుంది.

అక్టోబర్ 30

చలికాలం కదా, ఇక్కడ గడియారాలు ఒక గంట వెనక్కి జరిపారు. సాయంత్రమే చీకటి.

వంటింట్లో నిలబడి చదువుతున్నా, ఇషిక స్టూల్ మీద కూర్చుని వింటోంది. టీచరమ్మ. “నైన్ మామా, నిష్ట్ జో” — కాదమ్మా, అలా కాదు అని. మళ్ళీ చదివిస్తుంది. నేను బాగా చదివితే ఒక గమ్మీ బేర్ ఇస్తుంది నాకు. ఇవాళ ఇచ్చినవన్నీ తిరిగి తీసేసుకుంది.

నవంబర్ 6

గిజెలమ్మను రెహాకు — మళ్ళీ నడక నేర్పే చోటికి — మార్చారు. వాకర్ పట్టుకుని నాలుగడుగులు. మెట్లు ఎక్కగలిగితేనే ఇంటికి అంటున్నారు. లేకపోతే ఆమె అక్క కొడుకు వృద్ధుల హోమ్ చూస్తాడట, వాళ్ళ ఊళ్ళో. ఆ మాట ఆమె చెప్పలేదు. నర్సు చెప్పింది.

“మొత్తం రికార్డ్ చేసి తీసుకురా” అంది గిజెలమ్మ నాతో. “దగ్గులు కూడా కావాలి నాకు. ఎవరు ఎక్కడ దగ్గారో వింటే ఎక్కడ బోరు కొట్టిందో తెలుస్తుంది.”

భయంగా ఉంది. చెడగొడితే నాది పోయేదేం లేదు, అంతా ఆమెదే పోతుంది. ఒక్కటే సాయంత్రం ఉంది ఆమెకు.

నవంబర్ 9

ఇవాళే. అల్లం టీ. నేత చీరా, ప్యాంటా? చీర. ఎలాగూ చూస్తారు, బాగానే చూడనీ.

నవంబర్ 10

అయిపోయింది. రాయాలి. రాయకుండా ఉండలేను.

కుర్చీలు ఓ మాదిరిగా నిండాయి. ఎక్కువ పెద్దవాళ్ళే. వెనక వరుసలో మహేందర్, ఒళ్ళో ఇషిక. పోస్టర్ మీద మూడు పేర్లు — ఫ్రీడెరికె, గిజెలా బ్రాండెస్, నేను. ఫోన్‌లో రికార్డింగ్ పెట్టి మొదలుపెట్టా. మొదటి పేజీ వణుకు. రెండో పేజీలో ఎక్కడో రేకుల కింద నిలబడి చెప్పే గొంతు వచ్చేసింది. నాదే. ఎన్నాళ్ళయిందో విని. కామాల దగ్గర ఆగాను.

ఊరగాయల వరుసలో పుస్తకం దొరికిన కథకు నవ్వారు. తలుపు లేని ఇంటి మాటకు ఎవరూ కదల్లేదు. ఎవరూ దగ్గలేదు.

చప్పట్లు. ఇక లేద్దామనుకుంటే ముందు వరుసలో ఒక చదువుకునే అమ్మాయి చేయెత్తింది. గట్టి పిల్ల. “ఇది భారాన్ని గొప్పగా చూపించడం కాదా? పనుల వల్ల ఆమె బాగా ఆలోచించింది అంటే, పనులు మంచివే అన్నట్టు కదా?”

కాగితాల్లో దీనికి జవాబు లేదు. ఇది నా పరిశోధన కాదు, ఆవిడను అడిగి చెప్తాను అనొచ్చు. అనాల్సింది అదే. నోరు మాత్రం —

“ఒక చోట ఫ్రీడెరికె పొరబడిందని నేను అనుకుంటున్నా.”

లైబ్రేరియన్ తలెత్తింది.

చెప్పాను. కింద పెట్టినా తిరిగి వచ్చిందే నాది అంటుంది ఆమె. తిరిగి వచ్చినవాటిని మాత్రమే లెక్కలోకి తీసుకుంటుంది. మా ఇంట్లో గాజులవ్వ అని ఒకామె ఉండేది, మా ఆయన తాతకు తల్లి. ఆమె పేరు ఎవరికీ తెలియదు. ఆమెనూ పిలిచే ఉంటారు రోజంతా. చేతిలో ఉన్నది ఎన్నిసార్లు కింద పెట్టి లేచిందో. ఏదీ తిరిగి రాలేదు. వచ్చినా రాయడం రాదు, చెబితే వినేవాళ్ళు లేరు. అవన్నీ ఆమెవి కావా? తిరిగి వచ్చిందే మనది అనడం ఫ్రీడెరికెకు తేలిక. ఆమె పుస్తకం అచ్చయింది.

ఆ అమ్మాయి ఏదో రాసుకుంది. ఇంకెవరో అవునవును అన్నారు. ఇంకొకాయన కాదు కాదు అన్నాడు. వాళ్ళలో వాళ్ళు మాట్లాడుకోవడం మొదలుపెట్టారు. లైబ్రేరియన్ లైట్లు ఆర్పేదాకా మాట్లాడారు.

అంతా మెచ్చుకుంటూ చేయి కలుపుతుంటే నాకు ఒక్కటే ఆలోచన. ఏం చేశాను నేను. ఆమె ఒక్క సాయంత్రం నా చేతిలో పెడితే, అదే సాయంత్రం ఆమె మనిషిని తప్పు పట్టాను. ఆ ప్రొఫెసర్ తర్వాత నేనే.

నవంబర్ 11

మహేందర్ — “ఆ లాస్ట్ ముక్క కట్ చేసి వినిపియ్యి. రెండు నిమిషాల పని, నేను చేసిస్త. పాపం పెద్దమనిషి, ఈ టైంల ఎందుకు మనసు నొప్పిచ్చుడు?”

నా మీద ప్రేమతోనే అన్నాడు. ఆమె మీద కూడా.

అక్కడే ఆపేస్తే చప్పట్లతో ముగుస్తుంది. ఎంత బాగుంటుందో. ఆమె మెడ మీద ఎర్రటి మచ్చలు వస్తాయి.

పొగిడేవాళ్ళు చదవరు — అన్నది ఆమే కదా.

కట్ చేయలేదు. వద్దనీ అనలేదు మహేందర్‌తో. చూద్దాం అన్నా.

నవంబర్ 13

రెహా. కిటికీ బయట తడి చెట్లు. ఇద్దరం చెరో ఇయర్‌ఫోన్. మొత్తం పెట్టాను.

కళ్ళు మూసుకుని విన్నది. ఊరగాయల దగ్గర నవ్వులు వినిపిస్తే వేలు ఎత్తి గాలిలో చిన్నగా చుక్క పెట్టింది. చప్పట్లకు మెడ ఎర్రబడింది. నా చేయి బటన్ మీదే ఉంది. ఇక్కడ ఆపెయ్యొచ్చు.

ఆపలేదు.

ఆ అమ్మాయి ప్రశ్న. నా గొంతు. ‘పొరబడిందని.’ నేను ఆమె మొహం చూడలేక నేల చూస్తూ కూర్చున్నా. గాజులవ్వ. అచ్చయింది. అరుపులు. లైట్లు. అయిపోయింది.

కారిడార్‌లో భోజనం బండి చప్పుడు దగ్గరికొచ్చి దూరమైంది.

“చివర మళ్ళీ పెట్టు.”

పెట్టా. మళ్ళీ విన్నది.

“నన్ను క్షమించు గిజెలమ్మా” అన్నాను. తెలుగులోనే వచ్చింది. ఆమెకు అర్థమైంది అనుకుంటా.

నా చెవి వైపు తిరిగింది.

“ప్రొఫెసర్ ఆమెను పక్కన పెట్టాడు. నా స్నేహితురాళ్ళు మెచ్చుకున్నారు. మా ఆయన ఓపిక పట్టాడు, పాపం. నేను ప్రేమించాను. ఇన్నేళ్ళలో ఒక్కరూ ఆమెతో తగువు పడలేదు. తెలుసా నీకు?”

ఇయర్‌ఫోన్ తీసి పక్కన పెట్టా.

“తత్వవేత్తలు ఒకరికొకరు చేసుకునే మర్యాద అదొక్కటే. ఆమెకు అది నిన్న మొన్న దక్కింది. నీ వల్ల.”

ఏడ్చాను. దాచుకోలేదు, ఆమెకు ఎటూ మసకే. చేయి పట్టుకుని చాలాసేపు అలాగే ఉంది. తర్వాత చేయి వదిలేసి, బడిలో లాటిన్ చెప్పిన గొంతుతో —

“నువ్వన్నది తప్పు, అది వేరే సంగతి. ఎందుకు తప్పో ఆమె తరఫున నేను చెప్తాను. కానీ నోటి మాటకు జవాబివ్వను. రాసుకురా. నీ మాటగా. నీ పేరుతో.”

“జర్మన్‌లోనా?”

“నీకు ఏది వస్తే దాంట్లో మొదలుపెట్టు.”

వస్తుంటే నర్సును పిలిచి అడుగుతోంది — రేపటి నుంచి మెట్ల అభ్యాసం రెండు పూటలా చేయించండి.

నవంబర్ 16

రాద్దామంటే ఏం రాలేదు. ఇల్లు ఊడ్చా. కిటికీలు తుడిచా.

నవంబర్ 20

గిజెలమ్మ ఏడు మెట్లు ఎక్కింది. మా కింది తలుపు ముందున్నవి అంతకంటే ఎక్కువ. అక్క కొడుకు వచ్చి వెళ్ళాడు, హోమ్ ఫొటోలు చూపించాడట. “ఫొటోలు నాకు చూపిస్తాడేమిటి, తెలివితక్కువ వాడు” అంది. తర్వాత కాసేపు కిటికీ వైపు తిరిగి ఉంది.

“రాశావా?”

“రాస్తున్నా” అన్నా. అబద్ధం. ఆమెకూ తెలుసు.

ఇంటికొచ్చేసరికి మహేందర్ కింది బెల్ దగ్గర స్క్రూడ్రైవర్‌తో. ‘గిజెలా బ్రాండెస్’ అని ప్రింట్ చేసి కొత్త చీటీ పెడుతున్నాడు. “ఎట్లయిన ఇంటికి వస్తది గదా.”

ఈ మనిషిని అప్పుడప్పుడు గట్టిగా పట్టుకోవాలనిపిస్తుంది. పట్టుకున్నా, మెట్ల మీదే.

నవంబర్ 23

ఆ పాత వ్యాసంలో ఏం చెప్పాలనుకున్నానో గుర్తు లేదన్నా కదా. ఎందుకు రాయాలనుకున్నానో ఇవాళ కొంచెం గుర్తొచ్చింది. బట్టలు మడతపెడుతుంటే. పూర్తిగా కాదు.

నవంబర్ 27

సోమవారం. కింది ఇంట్లో ఎవరూ లేరు, అయినా తాళం తీసి వెళ్ళి కిటికీ పక్క కుర్చీలో కూర్చున్నా. కాఫీ నేనే పోసుకున్నా.

మొదటి వాక్యం వచ్చింది. తెలుగులో.

ఫ్రీడెరికె గారూ, తిరిగి రానివి కూడా మనవే.

రెండోది కూడా ఉంది. నేరుగా చూస్తే కనపడటం లేదు, అంచున ఉంది, పట్టుకోవచ్చు —

కీటా నుంచి ఫోన్. ఇషికకు ఒళ్ళు కాలిపోతోందట, వెంటనే వచ్చి తీసుకెళ్ళమంటున్నారు.

ఇక్కడే పెట్టి వెళ్తున్నా.